షాటు ఇంకా అవలేదు

సువార్తకి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తన కూతురికి నిజంగా నొప్పి వచ్చిన రోజున ఆ సంగతి తనకి తెలియకుండా పోతుందేమోనని. జబ్బుల గురించి ఆమెకి అంత భయం లేదు. జబ్బులకి మందులున్నాయి. నోరు విప్పి చెప్పని బిడ్డకి ఏ మందు వెయ్యాలో ఎవరికి తెలుసు?

ఆ ఉదయం కూడా పొయ్యి దగ్గర నిలబడి ఇడ్లీలు తీస్తూ, చెవి మాత్రం గదిలోకే పెట్టి వింటోంది. గోడలోని వెలుగుగూటిలోంచి కొచ్చెర్ల నరసింగరావుగారి గొంతు పద్యం అందుకుంది. అదే పద్యం, అదే రాగంలో పక్కింట్లోంచీ వస్తోంది, ఆ పై ఇంట్లోంచీ వస్తోంది. తెనాలిలో ఇప్పుడు పిల్లలందరూ నిద్రలేచేది ఆ గొంతుతోనే.

నరసింగరావుగారు నలుపు తెలుపు సినిమాల కాలం మనిషి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఈ చుట్టుపక్కల పల్లెలోనే పుట్టి, నాటకాల కంపెనీలో తెర లాగే పనితో మొదలుపెట్టి, మద్రాసు వెళ్ళి, మాటల్లేని వేషాలు వేసి, హీరో అయి, చివరికి దర్శకుడయ్యారు. ఆయన నటించిన సినిమాలూ, తీసిన సినిమాలూ, శిష్యులకి పాఠాలు చెబుతుండగా తీసిన పాత రీళ్ళూ అన్నీ యంత్రానికి చదివించి, ఆయన రూపాన్ని వెలుగుతో మళ్ళీ నిలబెట్టారు. దానికి తోడుఛాయ అని పేరు పెట్టారు. ఆయన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, అంత పాత సినిమాలకి హక్కుల గడువు తీరిపోయింది, ఎవరినీ అడగక్కర్లేదు. పైగా ఆయన తెలుగు ముత్యాలు పేర్చినట్టు ఉంటుంది.

పెద్దవాళ్ళు పనులకి పోతే పిల్లలకి అన్నం తినమని చెప్పేది, అక్షరాలు దిద్దించేది, కథ చెప్పి నిద్రపుచ్చేది ఆ ఛాయే. బిడ్డ ముఖం చదివి, బాధ కనిపిస్తే తల్లి పెట్టుకున్న చెవిపూసలో చెబుతుంది. చెవిపూసలు వచ్చాక తల్లులకి పిల్లల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసే అలవాటు తప్పిపోయింది. చూడాల్సిన అవసరం ఏముంది, ఛాయ చూస్తూనే ఉంటుంది కదా.

కూతురు కెజియా వచ్చి పీట మీద కూర్చుంది. ఐదేళ్ళ పిల్ల. రెండిడ్లీలు పెడితే ఒక ముక్క తుంచి, దాన్ని చట్నీలో అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. ఏమ్మా అంటే నవ్వింది. ఆకలి లేదా అంటే ఉందని తల ఊపింది. ముక్క మాత్రం నోట్లోకి పోలేదు. నిన్న రాత్రి కూడా పెరుగన్నం అట్లాగే వదిలేసింది.

సువార్త వెలుగుగూటి ముందుకెళ్ళి ఛాయని అడిగింది. పంచెకట్టు, సన్నని మీసం, ఒక భుజం కాస్త దించి నిలబడే తీరు. ఛాయ పిల్ల వైపు ఒకసారి చూసి, "అమ్మాయి ముఖాన ఏ బాధా లేదమ్మా. నిశ్చింతగా వెళ్ళిరా" అంది.

నిశ్చింత అన్న మాటే సువార్తని భయపెట్టింది. పోయిన నెలలో తలుపు సందులో పడి పిల్ల వేలు నలిగింది. ఆ సాయంత్రం స్నానం చేయిస్తుంటే గోరు నల్లగా కమిలి కనపడేదాకా సువార్తకి తెలియలేదు. ఛాయ చెప్పలేదు. పిల్లా చెప్పలేదు. పైగా వేలు పట్టుకుని అడిగితే గడ్డం కొంచెం పైకెత్తి, కళ్ళు పెద్దవి చేసి, సినిమాలో లాగా నవ్వింది. కన్నకూతురి ముఖంలో చచ్చిపోయిన ముసలాయన నవ్వు చూసి సువార్త ఆ రాత్రి అన్నం తినలేకపోయింది.

ఆమె గుంటూరు రోడ్డులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో పని చేస్తుంది. భర్త ఏసుపాదం ఓడరేవు పనికి పోయి వారానికోసారి వస్తాడు. స్టోరేజీకి పోయే బస్సులో పక్కింటి ఆదిలక్ష్మి పక్కనే కూర్చుంటుంది. ఆమె కూతురు లిఖిత కెజియా కన్నా రెండేళ్ళు పెద్ద. పిల్లలిద్దరూ కలిస్తే ఆడుకునేది ఛాయ నేర్పిన సినిమా షూటింగ్ ఆట ఒక్కటే.

ఇడ్లీ సంగతి చెప్పగానే ఆదిలక్ష్మి చేతిలో సంచీ సర్దుకుంటూ నవ్వింది. "ఏందమ్మే సువార్తా, పిల్ల ఏడిస్తే ఏడుస్తందని బెంగ, ఏడవకపోతే ఏడవట్లేదని బెంగ. మా చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఈపు మీద రెండు పీకి పనికి పోయేది. నీకు ఇంట్లో హీరోగారు కాపలా కాత్తంటే ఇంకా ఏం కావాలంట?"

"నీ లిఖిత ఈ మధ్య ఎప్పుడన్నా ఏడ్చిందా అక్కా?" అని అడిగింది సువార్త.

"మహా బుద్ధిమంతురాలు మా లిఖిత" అని, ఆదిలక్ష్మి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పనిలో చేతులాడలేదు. తొడిమలు తీస్తుంటే ఘాటు కళ్ళలోకి పోయినా తెలియలేదు. భోజనాల వేళకి ముందే ఛాయలు తయారు చేసిన సంస్థతో చెవిపూసలోంచి మాట్లాడింది. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. ఛాయ పిల్లల ముఖంలో ప్రతి కదలికా చూస్తుందనీ, నరసింగరావుగారి నటజీవితం మొత్తం దానిలో ఉందనీ, భావాలు పసిగట్టడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరనీ చెప్పింది.

"నటించనప్పుడు ఆయన ఎట్లా ఉండేవాడండీ?" అని అడిగింది సువార్త.

అది తమ దగ్గర లేదంది అవతలి అమ్మాయి.

ఆ మాట విన్నాక ఇక అక్కడ నిలబడలేకపోయింది. మేస్త్రీకి చెప్పి బయటపడింది. నరసింగరావుగారి మనవరాలు వాగ్దేవిగారు మారీసుపేటలో ఉంటారని ఊళ్ళో అందరికీ తెలుసు. ముందు ఇంటికి పోదామా, అక్కడికి పోదామా అని బస్సులో తెగ ఊగిసలాడింది. ఇంటికి పోతే పిల్ల నవ్వుతుంది, ఛాయ బాధ లేదంటుంది, తనకి మళ్ళీ ఏమీ తెలియదు. అందుకని మారీసుపేటలోనే దిగింది.

వాగ్దేవిగారు డెబ్బై దాటిన మనిషి. వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. ఆ ఇంట్లో వెలుగుగూడు లేదు. సువార్త చూపు గోడల మీద తిరగటం గమనించి, "మా తాతయ్య నాకు తెలుసు కదమ్మా. ఇంకొకాయన్ని తెచ్చి పెట్టుకోవటం దేనికి?" అన్నారు. కూర్చోమని పీట చూపించారు.

సువార్త వేలి సంగతీ, ఇడ్లీ సంగతీ, ఆ నవ్వు సంగతీ అన్నీ చెప్పేసింది. తాతగారు పిల్లలకి అసలు ఏం నేర్పేవారని అడిగింది.

వాగ్దేవిగారు చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టారు. "మనం ఏడిస్తే జనం చూస్తారు, మనం ఆపుకుంటే జనం ఏడుస్తారు. ఇదే ఆయన పాఠం. బాలనటులకి కూడా ఇదే చెప్పేవారు. ఒక సినిమాలో మండుతున్న పందిరి ఆయన భుజం మీద పడింది. నిజంగానే పడింది. మాట తడబడకుండా షాటు పూర్తి చేశారు. ఆ షాటునే జనం ఇప్పటికీ చెప్పుకుంటారు."

అందుకే ఆ భుజం దించి నిలబడతారా అని సువార్త అడిగింది. ఆవిడ అవునన్నారు.

"కానీ అమ్మాయ్, షాటు అయ్యాక ఏం చేసేవారో తెలుసా? ప్యాకప్ అనగానే కారెక్కి ఇంటికొచ్చేవారు. మా నాయనమ్మ కొబ్బరినూనెతో ముఖం మీద రంగు తుడిచేది. రంగు పోతున్నకొద్దీ ఈయనకి నోరొచ్చేది. ఇక్కడ నొప్పి, ఇక్కడ మంట, వాడు అంత మాటన్నాడు, నాకు భయమేసింది, అని చంటిపిల్లాడిలాగా చెప్పుకుని ఏడ్చేవారు. భుజం కాలినప్పుడు తెల్లారేదాకా ఏడ్చారట. తన సినిమాల్లో చేసిన పిల్లల్ని కూడా ఊరికే వదిలేవారు కాదు. లైట్లు ఆర్పాక ఒక్కొక్కళ్ళనీ ఒళ్ళో కూచోపెట్టుకుని, తనే నూనె రాసి, ఎక్కడ నొప్పి పుట్టిందో చెప్పించుకున్నాకే ఇళ్ళకి పంపేవారు."

"మరి అది ఛాయకి తెలియదా?"

"కెమెరా ఆపాక జరిగేదమ్మా అది. ఏ రీలులో ఉంటుంది?"

సువార్త లేచి నిలబడింది. వస్తానని చెప్పిందో లేదో కూడా ఆమెకి గుర్తు లేదు. బస్సు కోసం ఆగలేదు. చెవిపూసలో పిల్ల సంగతి అడిగితే, అమ్మాయి కథ వింటోంది, ప్రశాంతంగా ఉంది అని ఛాయ గొంతు మెత్తగా చెప్పింది. చెప్పులు చేత్తో పట్టుకుని కాలవ గట్టు వెంట పరిగెత్తింది.

కెజియా చాప మీద మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకుని ఉంది. తల్లిని చూసి నవ్వింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. సువార్త నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. కాలిపోతోంది. ఎన్నాళ్ళయింది తను ఈ నుదురు ముట్టుకుని అని ఆలోచించబోయింది గానీ, ఆ ఆలోచనకి ఇప్పుడు తీరిక లేదు.

ఎక్కడ నొప్పి అంటే లేదని తల ఊపింది పిల్ల. కళ్ళు వెలుగుగూటి వైపు తిరిగాయి. అక్కడ ఛాయ దించిన భుజంతో నిలబడి, "భేష్ తల్లీ. ఆపుకో. ఆపుకుంటేనే షాటు" అంటోంది. అంతా షూటింగ్ ఆటే అనుకుంటోంది అది. చూసేవాడికి బాధ దాచుకున్న ముఖమూ బాధ లేని ముఖమూ ఒకటే కదా.

దాన్ని ఎట్లా ఆర్పాలో సువార్తకి తెలియదు. వెలుగుగూళ్ళు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి, ఆర్పే అవసరం ఎవరికీ రాలేదు. దండెం మీది దుప్పటి లాగి గూటికి అడ్డంగా కట్టేసింది. గొంతు మాత్రం దుప్పటి వెనక నుంచి వస్తూనే ఉంది. తలకి రాసుకునే కొబ్బరినూనె తెచ్చి, పిల్ల తలని ఒళ్ళో పెట్టుకుని, నుదుటి నుంచి గడ్డం దాకా మెల్లగా తుడవటం మొదలుపెట్టింది.

"ఇప్పుడు చెప్పు నాన్నా. నొప్పి ఏడుంది?"

"షాటు ఇంకా అవలేదమ్మా" అంది కెజియా. గొంతు పీలగా ఉంది.

"అయిపోయింది. లైట్లు ఆర్పేశారు. అందరూ ఇళ్ళకి పోతన్నారు. తాతగారు కూడా ఇంటికెళ్ళి ఏడుత్తన్నారు."

పిల్ల తల్లి ముఖంలోకి నమ్మలేనట్టు చూసింది. "తాతగారు ఏడుస్తారా?"

"రోజూ ఏడ్చేవారంట. వాళ్ళ మనవరాలే చెప్పింది నాకు."

కెజియా గడ్డం కింద చిన్నగా ఏదో వణికింది. ఆ పైన పెదవి. ఆ పైన ముఖమంతా ఒక్కసారిగా నలిగిపోయి, పిల్ల కుడివైపు పొత్తికడుపు పట్టుకుని అరిచింది. ఆ అరుపుకి వీధిలో వాళ్ళు తలుపులు తెరిచి చూశారు. పిల్ల ఏడుపు విని చాలా కాలమైంది ఆ వీధి. కాసేపటికి సువార్త చెవిపూసలో, అమ్మాయికి బాధగా ఉన్నట్టుందమ్మా అని ఛాయ చెప్పింది. ఆమె ఆ పూస ఊడదీసి అవతల పారేసింది.

పేగుకి అంటుకుని ఉండే అపెండిక్స్ వాచి, పగలబోతుండగా ఆసుపత్రికి చేరారు. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ బయటికొచ్చి, రెండు మూడు రోజులుగా ఈ నొప్పి ఉండి ఉంటుంది, ఇంత నొప్పితో పెద్దవాళ్ళే నిలబడలేరు, ఎందుకు తీసుకురాలేదు అని కోప్పడింది. లోపల కెజియా మత్తు వదిలి ఏడుస్తోంది. ఆ ఏడుపు వింటూ సువార్త గోడకానుకుని అట్లాగే కూర్చుండిపోయింది. ఏసుపాదం పరుగున వచ్చి, పిల్ల ఏడుస్తుంటే ఊరికే కూర్చున్నావేంటే అంటే, ఏడవనీ అంది.

ఇంటికి వచ్చేసరికి పక్కిల్లు తాళం వేసి ఉంది. ఆదిలక్ష్మి భర్తది లారీ పని. కాంట్రాక్టరు ఏ ఊరికి పంపితే ఆ ఊరికి సంసారం ఎత్తుకుపోవాలి. ఎక్కడికని వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఏసుపాదం తన చెవిపూసలోంచి ఆదిలక్ష్మిని పిలిస్తే ఎవరూ పలకలేదు.

కుట్లు ఆరుతున్న రోజుల్లో కెజియాకి మాటలు వచ్చాయి. కాలు గీరుకున్నా చెబుతోంది, కల వచ్చినా చెబుతోంది. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ, మామూలు కబురు లాగా, "లిఖితక్క నాకంటే బాగా చేస్తదమ్మా" అంది.

ఏం చేస్తదని అడిగింది సువార్త.

"ఆపుకోటం. అక్కకి చెవిలో ఎప్పట్నించో నొప్పి. దిండు మీద చీము కూడా అయింది. తిరగేసి పడుకుంటది. నాకొక్కదానికే చెప్పింది."

సువార్త ముద్ద కంచంలో పెట్టి లేచింది. సంస్థతో మళ్ళీ మాట్లాడింది. జరిగినదానికి విచారిస్తున్నామన్నారు, ఇది ఒక్క ఇంట్లో జరిగిన సంగతి అన్నారు, మరో కుటుంబం వివరాలు చెప్పకూడదన్నారు. కోల్డ్ స్టోరేజీలో అడిగింది, లారీ ఆఫీసులో అడిగింది. ఏసుపాదం రేవులో వచ్చేపోయే డ్రైవర్లందరినీ అడుగుతున్నాడు. ఇంకా ఏమీ తెలియలేదు.

అందుకే ఇది చదువుతున్నవాళ్ళని అడగటం. మీ వీధిలోకి ఈమధ్య లారీ డ్రైవరు కుటుంబం ఎవరైనా కాపురానికి వచ్చారేమో చూడండి. తల్లి పేరు ఆదిలక్ష్మి, మాట పెళుసు, మనసు మంచిది. పిల్ల పేరు లిఖిత, ఏడేళ్ళుంటాయి, రెండు జడలు, ముందు పన్ను ఒకటి ఊడింది. ఎడమ చెవిని భుజానికి ఆనించి నిలబడుతుంది. అడిగినా అడక్కపోయినా నవ్వుతుంది. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళండి. గోడలోని గూటికి గుడ్డ అడ్డం వేసి, పిల్ల పక్కన కూర్చుని, నొప్పి ఎక్కడ అని అడగండి. ఏమీ లేదంటుంది. అంత మాటకే లేచి వచ్చెయ్యకండి. ఇంకాసేపు కూర్చోండి.