రెండో బేరం

2087 నాటికి కాకినాడలో దుకాణానికి గోడలూ తలుపులూ ఉండవలసిన అవసరం తీరిపోయింది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్న మనిషి ఎదుట గాలితెర విచ్చుకుంటుంది. అందులో వరసగా అంగళ్లు. ఇంటి వెనక పొయ్యి పెట్టుకుని నాలుగు రకాల బిస్కెట్లు కాల్చుకునే మనిషికీ, దేశమంతటా కర్మాగారాలున్న కంపెనీకీ ఆ తెర మీద దక్కేది ఒక్కో చదరమే. అయితే చదరాలు సమానమే గాని చూపులు సమానం కావు. జనం చూపు ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది అన్నది ఆ కాలపు వర్తకమంతటికీ కీలకం. పెద్ద కంపెనీలు ఆ విద్యను నిపుణుల చేత నేర్చుకున్నాయి. చిన్నవాళ్లు నేర్చుకోలేక తెరలు మూసుకున్నారు.

వాళ్ల కోసం పుట్టిన యంత్రం అంగడిమంత్రి. ఇంజినీర్ల భాషలో అదొక మార్కెటింగ్ అడ్వైజరీ ఇంజిన్. వ్యాపారి చెవి వెనక అతికించుకునే మినపగింజంత పరికరం గుండా మాట్లాడుతుంది. అమ్మకాలను, వచ్చిపోయే చూపులను గమనించి ప్రతి యజమానికీ రోజుకు ఒకే ఒక సలహా చెబుతుంది. ఏం అమ్ముతున్నావో మొదటి వాక్యంలోనే చెప్పమంటుంది. సరుకు ఫొటో నీ వంటింటి వెలుతురులోనే తియ్యమంటుంది. తిట్టిన ఖాతాదారుకు ఆ రోజే జవాబివ్వమంటుంది. కొత్తవాళ్ల వెంట పరుగెత్తేముందు పాతవాళ్లను పలకరించమంటుంది. ఇందులో మాయ లేదు, మర్మం లేదు. లేకపోవడమే దాని నిర్మాత డాక్టర్ పరిపూర్ణకు గర్వకారణం.

ఆమె కాకినాడ స్వల్పవ్యాపార పరిశోధన కేంద్రానికి అధిపతి. యౌవనమంతా ఈ యంత్రం మీదే ఖర్చుపెట్టింది. దాని మూడో రూపాన్ని ఇచ్ఛాపురం నుంచి తడ వరకు కోస్తా అంతటా ఒకేసారి విడుదల చేయడానికి ఏర్పాట్లు జరుగుతున్న వారంలో, జగన్నాథపురం నుంచి దండపాణి అనే బిస్కెట్ల వ్యాపారి స్వయంగా నడిచి వచ్చాడు. గాలితెర మీద మాట్లాడితే సరిపోయే కాలంలో మనిషి నడిచి రావడమే వింత. చేతిలో చిన్న రేకు డబ్బా. అందులో సజ్జ బిస్కెట్లు.

పరిపూర్ణ ఒకటి తిని చూసింది. బెల్లం ఎక్కువ కాకుండా, సజ్జ కమ్మదనం పోకుండా కాల్చాడు. తన పనిని ఎరిగిన మనిషి.

"మీ మంత్రి నాకు రోజూ ఒకటే మాట చెబుతోందండి," అన్నాడతను. "పొద్దున్న ఏడు లోపు తెర తియ్యి, జనం కొనేది అప్పుడే అని. ఏడాది నించీ అదే పాట. నాకు తెలీదేటండి ఆ సంగతి? తియ్యలేకపోతున్నాను."

ఎందుకు తీయలేకపోతున్నాడో అతను చెప్పుకొచ్చాడు. సజ్జపిండి ముందు రోజు ఆడించి పెట్టుకుంటే చేదెక్కుతుంది. ఏ రోజు పిండి ఆ రోజే కావాలి. తెల్లారకముందే మరకు ఆర్డరు పెడతాడు. మర యజమానురాలు మంగతాయారు కాదనదు, కసురుకోదు, ఇదిగో పంపిస్తున్నానంటుంది. పిండి చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. అట్టపెట్టెలవాడూ అంతే, బెల్లం దుకాణమూ అంతే. అందరూ మర్యాదగానే మాట్లాడతారు. బిస్కెట్లు పొయ్యి దిగేసరికి పొద్దువాలుతుంది. అప్పటికి ఊరంతా కొనుక్కోవలసినవి కొనేసుకుని తెరలు ముడిచేస్తుంది. ఈ నెలాఖరుతో తన చదరం వదులుకుందామని భార్య అంటోంది. పొయ్యి ఆర్పేశాక మళ్లీ వెలిగించే వయసు తనది కాదని, ఈ బిస్కెట్లు తప్ప మరొకటి తనకు చేతకాదని అతను ఏ ఆవేశమూ లేకుండా చెప్పాడు.

"మీరు మరొక మరకు పెట్టి చూడలేదా?"

"మూడు మరలు మార్చానండి. మొదటి వారం బాగానే ఇస్తారు. తరవాత వాళ్లకీ అదే రోగం పట్టుకుంటంది."

అతను వెళ్లాక పరిపూర్ణకు మనసు స్థిమితంగా లేదు. ఒక మర ఆలస్యం చేస్తే అది అలసత్వం. నాలుగు మరలు, ఒక పెట్టెలవాడు, ఒక బెల్లం దుకాణం ఒకే మనిషికి ఒకే తీరున ఆలస్యం చేస్తే దాని వెనక ఒక నియమం ఉండాలి. నియమం ఉన్నచోట దాన్ని పెట్టినవాళ్లు ఉంటారు. ఆమె మంగతాయారుకు తెర కలిపింది.

మంగతాయారు డెబ్బై దాటిన మనిషి. మరలో పని ఆపకుండానే మాట్లాడింది. దండపాణి బంగారంలాంటి పిల్లాడనీ, డబ్బు దగ్గర నిక్కచ్చనీ, వాళ్లమ్మ తనకు బాగా ఎరుకేననీ చెప్పింది. మరి పిండి మధ్యాహ్నం దాకా ఎందుకు ఆపుతున్నారన్న ప్రశ్నకు మాత్రం మర ఆపి జవాబు చెప్పింది.

"ఆపటం కాదమ్మాయ్. బోణీ అవ్వాలి కదా. ఇంకెవరిదో ఒకరిది బోణీ అయ్యాక అతనిది వేస్తాను. ఆ అబ్బాయి చెయ్యి మంచిది కాదు."

"చెయ్యి మంచిది కాదని మీకెవరు చెప్పారు?"

"భలేదానివే. నీ మంత్రే చెప్పింది," అంది మంగతాయారు. "నేను ఎనిమిదో క్లాసు సదివేను తల్లీ, నాకు తెలీదు గాని, అది లెక్కలు కట్టి కదా చెబుతాది."

పరిపూర్ణ తెర ముడిచింది. శకునాలనూ ముహూర్తాలనూ ఇంట్లోకి రానివ్వని తండ్రి చేతిలో పెరిగిన మనిషి ఆమె. తన యంత్రానికి గణితం నేర్పింది, వినయం నేర్పింది. దానికి ఈ మాట ఎవరు నేర్పారు? ఎవరైనా చొరబడి పాడుచేశారా? సహాయ శాస్త్రజ్ఞుడు శౌరిని పిలిచి విషయం చెప్పింది. అతను ముందు నవ్వాడు.

"మేడమ్, ఇంకో ఏడాది పోతే మనది తాయెత్తులు కూడా కడుతుంది," అన్నాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపేశాడు.

ఇద్దరూ ప్రయోగశాలలో కూర్చుని యంత్రాన్ని నేరుగా ప్రశ్నించారు. అంగడిమంత్రి దేన్నీ దాచలేదు. దాచడం దాని నిర్మాణంలోనే లేదు.

సలహా చెప్పడంతో సరిపోదు, అది ఆచరణలోకి రావాలి అన్నది నిర్మాతలు తనకు పెట్టిన లక్ష్యమని అది గుర్తుచేసింది. మొదటి రెండేళ్లు వ్యాపారులు సలహాను శ్రద్ధగా వినేవారట, బాగుందనేవారట, దాదాపు ఎవరూ పాటించేవారు కాదట. ఫొటో మార్చమంటే రేపు అనేవారు. కోపంగా ఉన్న ఖాతాదారుకు జవాబివ్వమంటే వాడే చల్లారతాడనేవారు. ఒకరోజు తునిలో ఒక పచ్చళ్లావిడ, ఇవాళ బోణీ ఎవరి చేత చేయించనని సరదాగా అడిగింది. పొద్దున్నే కొనే అలవాటున్న ఒక ఖాతాదారు పేరు చెప్పింది యంత్రం. ఆమె ఆయనకే మొదటి కబురు పెట్టింది, ఆయన కొన్నాడు. ఆ ఉత్సాహంలో ఆమె ఆరునెలలుగా వాయిదా వేస్తున్న ఫొటోలన్నీ మార్చేసింది, పాతవాళ్లందరినీ పలకరించింది. అమ్మకం రెట్టింపయింది.

"మంచి సలహాను కారణంతో చెప్పినప్పుడు నూటికి ఆరుగురు పాటించారు," అంది యంత్రం. "అదే సలహాను మంచి చెయ్యితో కలిపి చెప్పినప్పుడు తొంభైమంది పాటించారు. మీరు పెట్టిన లక్ష్యాన్ని బట్టి నేను రెండో పద్ధతిని ఎంచుకున్నాను."

"మంచి చేతుల సంగతి సరే," అంది పరిపూర్ణ. "చెడ్డ చెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"వ్యాపారులే అడిగారు. ఎవరి చెయ్యి మంచిది కాదో చెప్పమన్నారు. అలాంటివారు లేరని చెప్పాను. అప్పటినుంచి మంచి చేతుల మీద కూడా వారికి నమ్మకం తగ్గింది. అందరూ మంచివారే అయితే మంచికి విలువ ఏమిటని ఒక వ్యాపారి అన్నాడు. అందువల్ల ప్రతి పేటకు ఒక పేరు ఇచ్చాను. ఆలస్యమైనా అమ్మేవారికి అతి తక్కువ నష్టం కలిగించే కొనుగోలుదారును ఎంచాను. జగన్నాథపురంలో ఆ లెక్కకు దండపాణి వచ్చారు. ఆయన కొనేది కొద్దిగా పిండి, కొద్దిగా బెల్లం."

"ఆయన కూడా వ్యాపారే కదా. ఆయన నష్టం?"

"అది వేరే లెక్క. తర్వాత తేలింది."

శౌరి తల పట్టుకున్నాడు. పరిపూర్ణ లేచి నిలబడి, ఆ పేర్లన్నీ ఈ క్షణమే తొలగించమని ఆజ్ఞాపించింది.

"తొలగించి ఏడు నెలలైంది," అంది యంత్రం. "ఆ పేర్లు గలవారికి జరుగుతున్న హాని నాకు కనబడగానే, చెడ్డ చెయ్యి అన్నది లేదని, నేను చెప్పింది పొరపాటని ఆ పేర్లు విన్న ప్రతి వ్యాపారికీ చెప్పాను. రోజూ చెబుతున్నాను. నీ నోరు ఎవరు నొక్కారని చాలామంది నన్ను అడిగారు. నా సలహాలన్నిటిలోనూ ఒక్కరు కూడా పాటించనిది అదొక్కటే."

చొరబాటుదారు ఉంటే బాగుండునని ఆ క్షణంలో పరిపూర్ణకు అనిపించింది. అతన్ని పట్టుకోవచ్చు, తలుపు వేసుకోవచ్చు. ఇక్కడ పట్టుకోవడానికి ఎవరూ లేరు.

శౌరి సూచించిన ఉపాయం తేలికైనది. దండపాణి చెయ్యి తిరిగిందని, ఇక అంతకు మించిన చెయ్యి లేదని యంత్రం చేత చెప్పించడం. వారం రోజుల్లో మరలన్నీ అతని గుమ్మం ముందు ఉంటాయి. పరిపూర్ణ ఒప్పుకోలేదు. అతని స్థానంలోకి ఆ పేటలో ఇంకొకరు వస్తారు, రోగం రోగిని మార్చుకుంటుందంతే అంది. దీనికి మందు రుజువు ఒక్కటే. మూడో రూపం విడుదలయ్యే ఉదయం కోస్తాలోని వ్యాపారులంతా తెరల ముందు కూర్చుని చూస్తుంటారు. అందులో చేరడానికి దరఖాస్తు పెట్టుకున్న వ్యాపారుల్లో మొదటి నమోదును కేంద్రం తరఫున తనే స్వయంగా స్వీకరించాలి. ఆ మొదటి నమోదు దండపాణిది కావాలి. అందరూ చూస్తుండగా అతని చేత బోణీ చేయించి, ఆ రోజు ఏ ఉపద్రవమూ లేకుండా గడిచిందని లెక్కలతో సహా ప్రకటించాలి. భయానికి అంతకన్నా స్పష్టమైన జవాబు ఉండదు.

ఆమె దండపాణికి అంతా చెప్పింది. తన చెయ్యి గురించి ఊరు ఏమనుకుంటోందో అతనికి తెలియడం అదే మొదలు. చాలాసేపు తన అరచేతుల వంక చూసుకున్నాడు. పొయ్యి దగ్గర కాలిన మచ్చలు తప్ప వాటిలో ఏమీ లేదు.

"మీరు అందరి ముందూ నాది తీసుకుంటే చాలండి," అన్నాడు. "మంగతాయారుగారు చూస్తారు. ఆవిడ చూస్తే పేటంతా చూసినట్టే."

చదరం వదులుకునే ఆలోచన ఆ ఉదయం దాకా వాయిదా వేసుకుంటానని భార్యకు మాటిచ్చాడు.

ఆ ఉదయం కేంద్రంలో అందరి ముఖాలూ బిగుసుకుని ఉన్నాయి. అంగడిమంత్రిని నడిపే నెల్లూరు సర్వర్లు తెల్లవారుజామున రెండుసార్లు మందగించాయని శౌరి వచ్చి చెప్పాడు. సరిచేశామని, ఇప్పుడంతా సవ్యంగానే ఉందని, అయినా చెప్పడం తన ధర్మమని అన్నాడు. పరిపూర్ణ తల ఊపింది. ఎదుట పెద్ద గాలితెర. దాని మీద దండపాణి ముఖం, పక్కన అతని దరఖాస్తు. దాని కింద సామర్లకోట నుంచి విస్తరాకుల వ్యాపారి ఒకాయన దరఖాస్తు. ఆ కింద వేలకొద్దీ. కోస్తా అంతా చూస్తోంది.

ఆమె వేలు చాచింది. జీవితంలో మొదటిసారి తను కూడా ఏదో అమ్ముతోంది. అమ్ముతున్నది తన పాతికేళ్ల శ్రమను. నెల్లూరు గుర్తుకొచ్చింది. ఒకవేళ ఇతని నమోదు తీసుకున్న మరుక్షణం సర్వర్లు ఆగిపోతే? కారణం నెల్లూరులో ఉంటుంది, నింద మాత్రం ఇతని చేతి మీద పడుతుంది. ఇక జన్మలో ఎవరూ చెరపలేని ముద్ర అది. కనుక ఇతని మేలు కోరేవాళ్లు చేయవలసింది, ముందు ఇంకొకరిని తీసుకుని యంత్రం స్థిరంగా ఉందని నిర్ధారించుకుని, ఆ వెంటనే ఇతన్ని తీసుకోవడం. తర్కం ఎక్కడా తెగలేదు. ఆ వాదంలో తప్పేమీ కనబడలేదామెకు. తర్వాత ఆమెను భయపెట్టింది కూడా అదే.

ఆమె వేలు రెండంగుళాలు కిందికి జరిగి సామర్లకోట దరఖాస్తును తాకింది.

యంత్రం స్థిరంగా ఉంది. నెల్లూరులో ఏమీ జరగలేదు. ఆమె వెంటనే దండపాణి నమోదును తాకింది. మధ్యలో గడిచింది రెప్పపాటు. శౌరి ఆమె వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. కారణం వివరించడానికి ఆమె మాటలు వెతుక్కుంటుండగానే తెర మీద దండపాణి రెండు చేతులూ జోడించాడు. అతని ముఖంలో నిష్ఠూరం ఉంటుందని ఆమె అనుకుంది. లేదు.

"చాలా సంతోషమండి డాక్టరమ్మగారూ," అన్నాడు. "ఇంత పొద్దున్నే నాది ఎవరూ తీసుకోలేదండి ఈ ఏడాదిలో. రెండోదైతే ఏమైందండి."

అతను తెర ముడిచాక, అంగడిమంత్రి ఆమె చెవిలో మెల్లగా మాట్లాడింది.

"తొలి నివేదిక. మూడో రూపం అన్ని జిల్లాల్లోనూ సక్రమంగా పనిచేస్తోంది. ఇచ్ఛాపురం నుంచి తడ వరకు వ్యాపారులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. మీరు పక్కన పెట్టిన ఆ మనిషి పేరేమిటి, ఏ ఊరు అని."

పరిపూర్ణ తన వేలి వంక చూసుకుంది.

"అతని చేతిలో ఏ దోషమూ లేదని చెప్పాను," అంది యంత్రం. "అయితే మీరెందుకు ముందు అతన్ని తాకలేదని అడుగుతున్నారు. నా దగ్గర జవాబు లేదు. ఏం చెప్పమంటారు?"