పదకొండు నోట్‌బుక్కులు

“ఏ గాడిదండీ ఈ పని చేసింది?”

కేటలాగ్ కార్డును టేబుల్ మీద టప్పున కొట్టి అడిగింది వసంతకుమారి. ఎదురుగా కూర్చున్న కృపావరం గబుక్కున ఒక ఫైలు తెరిచి అందులో తల దూర్చాడు. ఎందుకంటే ఆ గాడిద అతనే.

1984 ఫిబ్రవరి. డెట్రాయిట్ దగ్గర ఒక యూనివర్సిటీ లైబ్రరీ. యాభై ఏళ్ల కిందట అక్కడి కార్ల ఫ్యాక్టరీల్లో పనిచేసిన లెబనాన్ వాళ్లు ఆదివారాలు అరబిక్ నాటకాలు ఆడేవారు. వాళ్ల పోస్టర్లు, ఫొటోలు, చేతిరాత ప్రతులు ఆ లైబ్రరీలో ఒక గదిలో భద్రపరుస్తున్నారు. లైబ్రరీ సైన్స్ చదవడానికి వచ్చిన భీమవరం కుర్రాడు కృపావరానికి ఆ గదిలో పార్ట్‌టైమ్ ఉద్యోగం. అరబిక్ వచ్చా అని అప్లికేషన్‌లో అడిగితే ‘కొద్దిగా’ అని రాశాడు. నిజానికి అక్షరం ముక్క రాదు.

వసంతకుమారికి గడగడా వచ్చు. వాళ్లమ్మ కువైట్‌లో నర్సు, ఆమె అక్కడే చదువుకుంది. ఇక్కడ ఈ నాటకాల మీదే పీహెచ్‌డీ చేస్తోంది.

“డూప్లికేట్స్ అని రాసి పదకొండు నోట్‌బుక్స్ డిస్కార్డ్ చేశారండీ! అట్ట మీద నాటకం పేరు ఒకటే ఉంటే లోపల కూడా ఒకటే ఉంటుందా?”

“ఉండదాండి?” అన్నాడు కృపావరం మెల్లగా.

“ఆ రోజుల్లో నాటకమంతా కాపీలు రాసేంత ఓపిక ఎవరికుంటుందండీ? ఎవరి డైలాగులు వాళ్లకి ఒక నోట్‌బుక్‌లో రాసిచ్చేవారు. పన్నెండూ కలిస్తేనే నాటకం. ఇప్పుడు మిగిలింది హీరోది ఒక్కటే. వాడు ప్రేమ ప్రేమ అని మొత్తుకుంటూనే ఉంటాడు, ఆ అమ్మాయి ఏమందో ఎవరికీ తెలీదు. నా థీసిస్ గంగలో కలిసినట్టే.”

చెప్పేయాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె కళ్లు పెద్దవి, కోపంలో ఇంకా పెద్దవవుతున్నాయి. “ఇంతకుముందు పనిచేసినవాళ్లెవరో తెలియక చేసుంటారండి,” అన్నాడు.

“మీరెంత మంచివారండీ, ఎవర్నీ ఒక్క మాట అనరు,” అని ఆమె నవ్వింది. కృపావరం సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసి కాఫీ తాగేవారు. ఆమె ఆ గాడిదను రోజుకో కొత్త తిట్టు తిట్టేది, ఇతను తలూపేవాడు. మంచు పడితే తన పాత కారులో ఆమెను ఇంటి దగ్గర దింపేవాడు. ఆమె దిగాక స్టీరింగ్‌కి నుదురు ఆనించి తనను తాను తిట్టుకునేవాడు.

ఒక ఆదివారం తెలుగు చర్చిలో వసంతకుమారి లేచి సాక్ష్యం చెప్పింది. “నా థీసిస్ ఆగిపోకుండా కృపావరం గారు రోజూ సాయం చేస్తున్నారు. ఆయన కోసం ప్రార్థించండి.” అందరూ కళ్లు మూసుకుని ఆయన కోసం ప్రార్థించారు. కృపావరం మాత్రం కళ్లు మూసుకోలేకపోయాడు.

పార్కింగ్ లాట్‌లో కారెక్కగానే చెప్పేశాడు. “ఆ గాడిద నేనేనండి.”

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. ఆమె నవ్వు ఆగిపోయింది. డోర్ తీసుకుని మంచులోకి దిగి చకచకా నడిచింది. రెండు నిమిషాల తర్వాత గడగడా వణుకుతూ వచ్చి మళ్లీ కూర్చుంది.

“నీ కోసం రాలేదు. బయట చలి.” గారూ లేదు, మీరూ లేదు. “పారేశావు, సరే. తెలీక పారేశావు. కానీ నా తిట్లన్నీ వింటూ నెల రోజులు నా పక్కన కాఫీ ఎలా తాగావు?”

కృపావరం కారు నడిపాడు.

మర్నాడు అతను సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి సంగతంతా చెప్పాడు. పొరపాటున పారేసినవాడు కృపావరం అని కార్డు కొత్తగా టైపు చేసి పెట్టాడు. ఉద్యోగం ఆ పూటే పోయింది.

శుక్రవారం వసంతకుమారి ఫోన్ చేసింది. “ఆ నాటకంలో వేసినవాళ్లు నలుగురు బతికున్నారు. డైలాగులు గుర్తున్నాయేమో అడిగి రికార్డ్ చేస్తాను. నాకు కారు లేదు, నువ్వు డ్రైవ్ చేయాలి. ప్రతి ఇంట్లోనూ నోట్‌బుక్స్ ఏమయ్యాయో నువ్వే చెప్పాలి, అరబిక్‌లో. నేను ట్రాన్స్‌లేట్ చెయ్యను.”

‘నోట్‌బుక్కులు నేనే పారేశాను, నన్ను క్షమించండి.’ కృపావరం నేర్చుకున్న మొదటి అరబిక్ వాక్యం అదే.

మొదటి ఇల్లు సల్మా గారిది. హీరోయిన్ వేషం వేసినావిడ. అతని వాక్యం విని ఆవిడ కిటికీ వైపు తిరిగింది. తర్వాత ఏదో చిన్నగా అంది.

“ఇదొక్కటీ చెప్తాను, నీకు తెలియాలి,” అంది వసంతకుమారి. “ఆ నోట్‌బుక్ వాళ్లన్నయ్య రాసిచ్చాడట. ఆయన చేతిరాత ఇంకెక్కడా లేదట.”

కృపావరం తలెత్తలేదు. ఆవిడ అతని ముందు కాఫీ పెట్టింది. తాగడానికి మనసొప్పలేదు. వసంతకుమారి హీరో డైలాగు ఒక్కొక్కటీ చదువుతుంటే, ఆవిడ కళ్లు మూసుకుని జవాబులు చెప్పింది. గుర్తులేనివి చాలా ఉన్నాయి. గుర్తున్నవి టేపులోకి వచ్చాయి.

ఆ జవాబులు తనకూ అర్థం కావాలని కృపావరం సాయంత్రం క్లాసులో చేరాడు. దారిలో వసంతకుమారి అతని ఉచ్చారణకు పడీ పడీ నవ్వేది. అయినా మూడిళ్లలోనూ ఇతనెవరని అడిగితే ‘డ్రైవర్’ అనే చెప్పింది.

నాలుగోది జూన్‌లో, టొలీడో అనే పక్క ఊళ్లో ఒక బార్బర్ షాపు. బయట వాన. న్యాయమూర్తి వేషం వేసిన యూసుఫ్ అనే ముసలాయన కత్తెర పట్టుకునే అడిగాడు, ఇతనెవరని.

“ఖతీబీ,” అంది వసంతకుమారి టేప్ రికార్డర్ సర్దుకుంటూ.

నేను పెళ్లి చేసుకోబోయేవాడు అని అర్థం. కృపావరానికి ఆ మాట ఇప్పుడు తెలుసు. తెలుసని ఆమెకూ తెలుసు, అందుకే తలెత్తడం లేదు. అతనికి ఒక్క గంతు వేయాలనిపించింది. కానీ ముందు చెప్పాల్సింది ఉంది. లేచి నిలబడి, తన వాక్యం తప్పు లేకుండా చెప్పాడు.

ముసలాయన కత్తెర కింద పెట్టాడు. కోపంగా అతన్ని ఎగాదిగా చూసి, అరబిక్‌లో ఆమెను అడిగాడు.

“మా నాటకాన్ని చెత్తబుట్టలో వేసినవాడినా, అమ్మా, నువ్వు చేసుకునేది?”

వసంతకుమారి ఈసారి కృపావరం వైపే చూసింది. ముసలాయనకు అర్థం కాకపోయినా, తెలుగులోనే చెప్పింది.

“అవును. ఇతన్నే.”