నిలబడి అమ్మిన చీరలు

"ఏమ్మే, పులికాట్ కొంగ మన స్టోర్సుకు ఎప్పుడొచ్చింది? ఒంటికాలి మీద నిలబడి చేపలకు కాసుకోనుండాదే!"

చీరల పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న ఏకాంబరం ఈ మాట అనగానే, పక్కనున్న సేల్స్‌మెన్లు ఎనిమిది మందీ పగలబడి నవ్వారు.

అది 1979. తిరుపతిలో దొరస్వామి స్టోర్సు అంటే అప్పుడు చిన్న సంగతి కాదు. సూది మొదలు సూట్‌కేసు దాకా ఒకే కప్పు కింద. కొండ మీద గుండు కొట్టించుకుని టోపీ కోసం వచ్చినవాళ్ళు ట్రంకుపెట్టె మోసుకుని పోయేవాళ్ళు. తలుపు తీస్తే కొత్తబట్ట గంజి, నాఫ్తలీను ఉండలు, పౌడరు కలిసిన వాసన. స్టోర్సు మూతబడి అక్కడ లాడ్జి లేచింది గానీ, ఆ వాసన ఎక్కడన్నా తగిలితే ఏకాంబరం ఇప్పటికీ టక్కున ఆగిపోతాడు.

కొంగ అన్నది ఎదుటి ఫ్యాన్సీ కౌంటరు చంద్రకాంతను. పాకాల పిల్ల. పొద్దున ప్యాసింజరు రైల్లో నిలబడి రావడం, కౌంటర్లో నిలబడి రిబ్బన్లు, గాజులు అమ్మడం, మళ్ళీ రైల్లో నిలబడి పోవడం. చేరి పది రోజులు.

ఆమె కత్తెర కింద పెట్టి సూటిగా చూసింది.

"కొంగ గాదు స్వామీ, ఆడమనిషి. తొమ్మిదింటి నుంచి నిలబడుండా. కుడికాలు మొద్దుబారితే ఎడమకాలు, ఎడమకాలు మొద్దుబారితే కుడికాలు. నువ్వు బురదలో దున్నపోతు మాదిరి పరుపు మీద కూర్చోని చీరలిసురుతావు. నీకేం తెలుస్తాది?"

ఈసారి నవ్వింది ఆడపిల్లలు.

ఏకాంబరం మొహం మాడిపోయింది. కానీ ఆ కళ్ళు మాత్రం వదల్లేదు. చీర మడతపెడుతుంటే మడతలో అవే. నెల తిరిగేసరికి నగరి చేనేత ఇంటి పిల్లోడు, నోటికి తాళంలేని ఏకాంబరం, ఎదుటి కౌంటరు వైపు చూడ్డానికి కూడా భయపడేంతగా చెడిపోయాడు.

కార్తీకమాసం వాన ఒక సాయంత్రం అతనికి సాయం చేసింది. రైల్వేస్టేషను దారిలో ఒక కాఫీ హోటలు చూరు కింద ఆమె తడుస్తూ నిలబడి ఉంది. అతని చేతిలో గొడుగుంది, గుండెలో దడుంది.

"చంద్రకాంతా, నాకు నువ్వంటే ఇష్టం."

ఆమె కొంగు పిండుకుంటూ అంది: "ఒక్క పొద్దు, బోణీ నుంచి షట్టరు దించేదాకా, కూర్చోకుండా చీరలమ్ము. ఆమేల మాట్లాడు."

"అంతేనా?"

"అంతే. గొడుగియ్యి, రైలు పోతాది."

గొడుగు తీసుకుని పోయింది. అతను తడుస్తూ బసకు చేరాడు, ఈలేసుకుంటూ.

మర్నాడు నిలబడ్డాడు. మధ్యాహ్నానికి పిక్కలు రాళ్ళయ్యాయి. సాయంత్రానికి చెప్పుల్లో పాదాలు పట్టలేదు. కుంటుకుంటూ ఫ్యాన్సీ కౌంటరు దగ్గరికి పోయాడు. ఆడపిల్లలంతా చెవులు రిక్కించారు, ఇప్పుడు అడుగుతాడని.

"ఇది దినామూ ఎట్ల ఓర్చుకుంటాండారు మే?" అన్నాడంతే.

చంద్రకాంత చేతిలో గాజులు ఆగాయి. "ఇప్పుడు మనిషి మాదిరి మాట్లాడినావు," అంది మెల్లగా.

నాలుగేళ్ళుగా తలకాయ మీదే వేలాడుతున్న బోర్డును ఏకాంబరం ఆ రోజు చదివాడు. 'పని వేళల్లో సిబ్బంది కూర్చోరాదు.' చీరలు పరుపు మీదే అమ్మాలి గనక మగవాళ్ళు కూర్చోవచ్చు. ఆడవాళ్ళు కూర్చుంటే మాత్రం సోమరితనం! న్యాయం అన్నది మనం కూర్చున్నచోట కనపడదు, లేచి నిలబడితే కనపడుతుంది.

రెండో రోజు కూడా నిలబడ్డాడు. యజమాని దొరస్వామి సెట్టి వచ్చాడు.

"ఏమప్పా, పరుపులో ముల్లుండాదా?"

"లేదు సార్. బోర్డు చదివినా. నేనూ సిబ్బందే గదా."

"అది ఆడోళ్ళకు!"

"అట్లయితే వాళ్ళకూ స్టూళ్ళు ఎయ్యండి సార్. కూర్చుంటా."

సెట్టి మొహం ఎర్రబడింది. "రేపు గూడా ఇట్లే నిలబడినావంటే నగరికి పో. మీ నాయన మగ్గం గుంటలో దిగి కూర్చో, ఎవురూ అడగరు."

సాయంత్రం చంద్రకాంత వెంటబడింది. "పని పోతాది. కూర్చో అప్పా. నా పందెం నేను వాపసు తీసుకున్నా."

"నీ పందెం నిన్ననే తీరిపోయింది. ఇది నాది."

"నగరికి పోతే మళ్ళీ యాడ కనపడతావు?" ఆ మాట జారాక ఆమె నాలుక కరుచుకుంది. ఏకాంబరానికి కాళ్ళ నొప్పి సగం తగ్గింది.

మూడో రోజు పెళ్ళి ముహూర్తాల గిరాకీ. చిత్తూరు నుంచి పద్నాలుగు మంది ఆడవాళ్ళు పట్టుచీరలకు దిగారు. వాళ్ళకు పెద్ద నాగరత్నమ్మ. అందరూ పరుపు మీద సర్దుకున్నారు. ఏకాంబరం నిలబడే చీర విప్పాడు.

సెట్టి గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచాడు. అంతలో సేల్స్‌మెన్లలో పెద్దవాడు ఆదికేశవులు మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ లేచి నిలబడ్డాడు. "నా కూతురూ మదనపల్లిలో ఒక అంగట్లోనే నిలబడతాది లే," అన్నాడు, ఎవరూ అడక్కుండానే. అతని పక్కవాడు లేచాడు. ఆ పక్కవాడూ లేచాడు. తొమ్మిది మంది, తొమ్మిది చీరలు, నిటారుగా.

నాగరత్నమ్మ తలెత్తీ తలెత్తీ విసిగిపోయింది. "ఏమయ్యా సెట్టీ, మీవాళ్ళు చీరలు చూపిస్తారా, జనగణమన పాడతారా? మెడలు పట్టేసినాయి. లేవండే, చిత్తూర్లోనే తీసుకుందాం."

సెట్టికి చెమటలు పట్టాయి. "కూర్చోండ్రా! అందరూ కూర్చోండి!"

"అందరమూనా సార్?"

"అందరూ! అందరూ!"

ఏకాంబరం ఫ్యాన్సీ కౌంటరు వైపు తిరిగాడు. "మే, విన్నారు గదా యజమాని మాట?"

చంద్రకాంత కౌంటరు తలుపు తోసుకుని వచ్చింది. చెప్పులు విప్పి, పట్టుచీరల నడుమ పరుపు మీద కూర్చుని కాళ్ళు చాపింది. వెనకాలే ఏడుగురు ఆడపిల్లలు.

నాగరత్నమ్మ ఆ వాచిన పాదాలను చూసింది. సెట్టిని చూసింది. "జరగండే, పిల్లోళ్ళు కూర్చుంటారు," అని తనవాళ్ళను పక్కకు నెట్టి, "ఇప్పుడు ఆ మామిడిపిందెల అంచుది చూపించప్పా," అంది.

ఆ రోజు ఎన్ని పట్టుచీరలు అమ్ముడుపోయాయో సెట్టికి బాగా తెలుసు. సోమవారం ఎనిమిది చెక్క స్టూళ్ళు వచ్చాయి. బోర్డు దిగింది. ఏకాంబరం పని నిలిచింది.

అతను స్టూలు మీద కూర్చున్న చంద్రకాంత ముందుకు పోయి నిలబడ్డాడు. "ఇప్పుడు అడగనా?"

"అడుగు. ఈడ గాదు, పాకాలకొచ్చి మా నాయన్ను అడుగు. గొడుగు గూడా ఆడే ఉండాది."

ఆదివారం పాకాల పోయాడు. రైల్వే గ్యాంగులో పనిచేసే తిరుమలయ్య ఇంట్లో ఉన్నది ఒకటే కుర్చీ. దాన్ని తువ్వాలుతో తుడిచి వేశాడు.

"కూర్చో అప్పా."

ఏకాంబరం వాకిట్లో నిలబడ్డ చంద్రకాంత వైపు చూశాడు. "ఆమె కూర్చోమంటే కూర్చుంటా సార్."

తిరుమలయ్య కూతుర్ని చూశాడు, పిల్లోణ్ణి చూశాడు, గోడకు తగిలించిన కొత్త గొడుగును చూశాడు. ఆ తర్వాత గట్టిగా నవ్వాడు. "సార్ ఏందప్పా సార్? మామా అను."

చంద్రకాంత లోపలికి పోయి చాప తెచ్చి పరిచింది. ముందు తాను కూర్చుని, పక్కన కాస్త చోటు వదిలింది.

"ఇంక కూర్చో దున్నపోతా. ఎంతసేపని నిలబడతావు?"