కళావరు రెండు

1978 ఆగస్టు, శుక్రవారం మధ్యాహ్నం. భాలుబాసాలో డిటెక్టివ్ భీమశంకర్ గదికి అసిరయ్య వచ్చి, పేకకట్ట బల్ల మీద పెట్టాడు.

“రేపు నన్ను ముఠాలోంచి తీసెత్తారు సార్. పేక కలిపేది నేనే. మోసం చేసేనంటన్నారు.”

బిర్సానగర్‌లో ఒక కాంట్రాక్టరు గోదాము. అక్కడ మూటలు మోసే ముఠాలో నలుగురు. ఆదివారం ఒకరు గేటు దగ్గర ఉండాలి. శనివారం తలొక ముక్క తీస్తారు. చిన్న ముక్క వచ్చినవాడికి డ్యూటీ. ఐదు వారాలుగా అది ఆ నలుగురిలో ఒకడైన తవిటయ్యకే పడింది.

“ఏ ముక్క?”

“అయిదుసార్లూ కళావరు రెండే.”

“తీసి ఇచ్చేది నువ్వేనా?”

“కాదు సార్. నేను పరుత్తాను, ఎవుడి ముక్క ఆడే తీత్తాడు. తవిటయ్య ఆఖర్న తీసి, ముక్కలన్నీ పోగుచేసి నాకిత్తాడు.”

“అతను గొడవ పెట్టాడా?”

“లేదు. మాలోనే ఆదిబాబని, గొడవంతా ఆడిదే.”

సహాయకురాలు పద్మకుమారి కాగితం మీద లెక్క వేసింది. “తవిటయ్యకే ఐదుసార్లు చిన్న ముక్క రావడం వెయ్యిన్నీ ఇరవై నాలుగింట ఒకటి సార్. ఐదుసార్లూ కళావరు రెండే అంటే ముప్పై ఎనిమిది కోట్లలో ఒకటి.”

“ఇప్పుడు తీసి చూడు.”

ఆమె ముక్క తీసి, మళ్లీ కలుపుతూ నూరుసార్లు చూసింది. కళావరు రెండు ఒక్కసారీ రాలేదు.

“రెండుసార్లయినా రావాలి కదా సార్?”

“రాకపోవడమూ ఉంది. ముక్కలు లెక్కపెట్టు.”

ఆమె రెండుసార్లు లెక్కపెట్టి, భీమశంకర్ వైపు చూసింది.

శనివారం భీమశంకర్ గోదాములో నలుగురినీ కూర్చోబెట్టాడు.

“ఏటి సార్ ఈ లెక్కలు?” అన్నాడు ఆదిబాబు. “కలిపినోడే దొంగ. సీదా బాత్, సూటి మాట.”

“అది నీ మనసు వేసిన లెక్క. కట్టలో ఉన్నవి యాభై ఒక్క ముక్కలు. కళావరు రెండు లేదు. లేని ముక్కను కలిపేవాడు రప్పించలేడు, తీసేవాడే తేవాలి. ఆఖర్న తీసినవాడు తన ముక్క దాచి, జేబులోని రెండు చూపించాడు. పోగుచేసేటప్పుడు దాచిన ముక్క కట్టలోకి, రెండు మళ్లీ జేబులోకి. నష్టపోయేవాణ్ణి ఎవరూ అనుమానించలేదు.”

తవిటయ్య చొక్కా జేబులోంచి ముక్క తీసి నేల మీద పెట్టాడు.

“అసిరిగాడి మీదకి పోద్దని అనుకోలేదు బాబూ. నా ఆడది సచ్చిపోయినకాణ్ణించి ఆదివారం ఇంట్లో ఉండలేకపోతన్నాను. ఇక్కడైతే లారీవోళ్లు పేరెట్టి పిలుత్తారు.”

“అడిగుంటే మేమే ఇచ్చేవోళ్లం కదా మావా,” అన్నాడు ఆదిబాబు.

“అడిగితే ఎందుకని అడుగుతారు గదా.”

ఆదిబాబు అసిరయ్య చేయి పట్టుకుని తప్పయిందన్నాడు. అసిరయ్య తల ఊపాడు. ఆ ఆదివారానికి ముక్కలు తియ్యలేదు. డ్యూటీ తవిటయ్యకే ఇచ్చారు.