కాటా మీద ఒకరు ఎక్కువ

ఊరి బయట పాత కాటా ఉంది చూశారూ... చీకటి పడ్డాక దాని మీద బండి ఆపకూడదంటారు.

లారీలు తూచే కాటా అది. నేలకి సమంగా పరిచిన పెద్ద ఇనుప పలక, పక్కనే ఒక గది, ఆ గదికి అద్దాలు లేని కిటికీ. మూతపడి తొమ్మిదేళ్ళయింది. కరెంటు లేదు, మనిషి లేడు, కుక్కలు కూడా అటు చుట్టు తిరిగి పోతాయి. అయినా రాత్రిపూట బండి ఆ పలక ఎక్కిందా — ఎక్కినప్పుడు ఎంతమంది ఉన్నారో, దిగేసరికి ఒకరు ఎక్కువ ఉంటారట. ఓ టాక్సీ అతను ముగ్గుర్ని ఎక్కించుకుని బయల్దేరి, ఊళ్ళో నలుగుర్ని దించాడట. నాలుగో ఆయన కిరాయి కూడా ఇవ్వకుండా పోయాడట.

అక్కడి గుమాస్తా ఇంకా కూర్చుని తూస్తున్నాడని జనం మాట. ఆ గుమాస్తా ఎవరో కాదు, మా ఆయనే. ఇరవై ఆరేళ్ళు చేశాడక్కడ. నేనైతే నమ్మను. బతికున్నన్నాళ్ళూ టైమయ్యాక అర నిమిషం కుర్చీలో కూర్చోని మనిషి, పోయాక జీతం లేకుండా రాత్రి డ్యూటీ చేస్తాడా?

కానీ మొన్న మా అల్లుడికి జరిగింది వింటే... సరే, మీరే తేల్చండి. అతను చెప్పింది చెప్పినట్టే చెబుతాను. ఒక్క ముక్క కలపను. కలపడం నాకు బొత్తిగా చేతకాదు.

మా ఆయన నాకు మిగిల్చి పోయింది ఒక్క మోటార్ సైకిల్. ఏనుగంత బండి. వరండాలో నిలబెడితే వరండా అంతా అదే, మనం గోడకి అంటుకుని నడవాలి. కాటా నుంచి దాని మీదే ఇంటికొచ్చేవాడు. గేటు బయట ఆగి రెండు పొట్టి హారన్లు కొట్టేవాడు... కాస్త ఆగి, ఒక పొడుగు హారన్. మొదటి రెండూ వచ్చానని చెప్పడానికి. పొడుగుది, "ఏమే, వినపడలేదా" అని. వినపడేది. కానీ నేనూ మనిషినే కదా, పొడుగుది వచ్చేదాకా కుర్చీలోంచి లేచేదాన్ని కాదు.

ఇప్పటికీ రోజూ తుడుస్తాను. ఆదివారం ఆదివారం అల్లుడి చేత స్టార్టు చేయిస్తాను. మా అమ్మాయికేమో అక్కడ వాషింగ్ మెషీన్ పెట్టాలని. ఏడాదిగా టేపు పట్టుకుని బండి చుట్టూ తిరుగుతోంది. దానికి జాకెట్టు కుట్టిస్తుందేమో అనుకున్నాను మొదట్లో.

మొన్న సాయంత్రం అల్లుడు నా పక్కన కూర్చుని, బండి పొగ ఎక్కువ వదులుతోంది అత్తయ్యా, కాటా అవతల ఒక మంచి మెకానిక్ ఉన్నాడు, నా పికప్‌లో వేసుకెళ్ళి చూపించి తెస్తానన్నాడు. సంతోషం బాబూ అన్నాను. కాసేపటికి వచ్చి బండి కాగితాలు అడిగాడు. ఇంకాసేపటికి రెండో తాళం అడిగాడు.

పొగ చూడ్డానికి కాగితాలెందుకు? నడిచే బండిని నడుపుకుపోకుండా పికప్‌లో మోసుకుపోవడం ఎందుకు? పైగా కాటా అవతల మెకానిక్ అనేవాడు లేడు. ఉన్నదల్లా ఒక్కటే కొట్టు — పాత బళ్ళని విప్పేసి, చక్రం ఒకరికీ లైటు ఒకరికీ అమ్మేసే కొట్టు. అక్కడికి నిండుగా వెళ్ళిన బండి మర్నాటికి కుప్ప.

మోకాలు నొప్పిగా ఉంది, పడుకుంటానని చెప్పి గది తలుపు వేసుకున్నాను.

మా అల్లుడు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. అతని పికప్ తొట్టి పొట్టిది. ఫ్రిజ్‌లైతే రెండు నిలబడతాయి గానీ, మోటార్ సైకిల్ తిన్నగా పట్టదు. అందుకని స్నేహితుణ్ణి పిలిచాడు. అతన్ని మేమంతా నిచ్చెన అంటాం. అంత పొడుగు. మా ఇంట్లో బల్బు మార్చాలంటే స్టూలు అక్కర్లేదు, కాసిని మంచినీళ్ళిచ్చి అతన్ని నిలబెడితే చాలు.

ఇద్దరూ తొట్టికి చెక్క వాల్చారు. బండి స్టార్టు చేసి, ఫస్టు గేరులో, పక్కన నడుస్తూ పైకెక్కించారు. తిన్నగా పట్టక మూల నుంచి మూలకి ఏటవాలుగా నిలబెట్టారు. ముందు చక్రం డ్రైవరు వెనకున్న మూలలో దూరింది, వెనక చక్రం తెరిచి ఉన్న తొట్టి తలుపు మీదికి వచ్చింది. హ్యాండిల్‌కి ఇటో బెల్టు అటో బెల్టు తగిలించి, ముందు చక్రం షాక్ అబ్జార్బర్లు సగానికి కుంగేదాకా లాగి బిగించారు. రెండో మూలలో కాస్త చోటు మిగిలింది. అక్కడ పాత నీలం టార్పాలిన్ ఒకటి ఉండలా చుట్టి పడి ఉంది.

అల్లుడు ఇంజన్ని హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్చితో ఆపాడు. తాళం తిప్పి తీయడం మర్చిపోయాడు. ఇద్దరూ చేతులు కడుక్కోవడానికి లోపలికొచ్చి, కాగితాలు తీసుకుని, మళ్ళీ బయటికెళ్ళి, ఆ చెక్కని తొట్టిలోకి ఒక్క తోపు తోసి బయల్దేరారు. అప్పటికి బాగా చీకటి పడింది.

ఊరు దాటేదాకా ఏమీ లేదు. దాటాక నిచ్చెన అడిగాడట, మీ అత్తగారు బండేదని అడిగితే ఏం చెబుతావని. పార్టు దొరకలేదని ఒక నెల నెట్టేస్తాను, ఆ తర్వాత ఆవిడే మర్చిపోతుంది, పెద్దావిడ కదా, అన్నాడట మా అల్లుడు.

పెద్దావిడ. మర్చిపోతుంది. సరే.

ఆ మాట అన్నాడో లేదో — వెనక నుంచి "హుఁ" అని వినపడింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వా?" అన్నాడు అల్లుడు.

"నేను నువ్వనుకున్నాను," అన్నాడు నిచ్చెన, గొంతు బాగా తగ్గించి.

గాలి అనుకున్నారు. కిటికీ అద్దాలు ఎక్కించారు. కొంత దూరం పోయాక నిచ్చెన వెనక్కి తిరిగి, అద్దంలోంచి తొట్టిలోకి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

"ఒరేయ్... ఆ టార్పాలిన్ ఎక్కించినప్పుడు ఇంతే ఉందా?"

"ఎంతే?"

"ఏమో... కాస్త లావైనట్టు లేదూ?"

అల్లుడు చూడలేదు. చూడనందుకు ఇప్పటికీ బాధపడుతున్నాడు. ఎందుకంటే అంతలోనే వెనక టప్... టప్... అని కొట్టుకోవడం మొదలైంది. ఆ చప్పుడేమిటో అతనికి తెలుసు. మోటార్ సైకిల్ మోసే వాళ్ళందరికీ తెలుసు. కొంత దూరం పోయాక బండి కుదురుకుని, షాకులు ఇంకాస్త కుంగి, బెల్టులు వదులవుతాయి. ఒకసారి ఆపి మళ్ళీ బిగించాల్సిందే. లేకపోతే బండి పక్కకి ఒరిగి రోడ్డు మీద పడుతుంది.

ఆపాలి. కానీ ఎక్కడ? రోడ్డు అక్కడ వాలుగా ఉంటుంది, రెండు పక్కలా గొయ్యి. మైలు దూరంలో చదునుగా ఉన్న చోటు ఒక్కటే.

"కాటా మీద మాత్రం వద్దు," అన్నాడు నిచ్చెన.

"ఒక్క నిమిషం. బెల్టు లాగి వెళ్ళిపోదాం."

పలక మీదికి ఎక్కగానే కింద ఇనుము మూలిగింది. ఇంజను ఆపాడు. ఆపాక ఎంత నిశ్శబ్దమంటే, నిచ్చెన మింగిన గుటక మా అల్లుడికి వినపడిందట.

ఇద్దరూ దిగారు. పలక మీద నిలబడ్డానికి మనసొప్పక, దాటి నేల మీదికొచ్చి నిలబడ్డారు. వాళ్ళు దిగాక పలక తేలిక కావాలి, ఊరుకోవాలి. అది ఊరుకోలేదు.

కిర్ర్...

ఎవరో ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చినట్టు.

"మనం ఇద్దరం దిగాం," అని గొణిగాడు నిచ్చెన. "మరి ఎవర్ని తూస్తోంది?"

మా అల్లుడు ఫోను లైటు గుమాస్తా గది మీదికి తిప్పాడు. కిటికీ... కిటికీ వెనక చీకటి... అందులో వెనక్కి వాలి ఉన్న పాత కుర్చీ. ఇద్దరూ ఆ కుర్చీని రెప్ప వేయకుండా చూస్తున్నారు.

పీప్.

వెనక నుంచి. తొట్టిలోంచి.

పీప్.

ఆపి ఉన్న బండి. చుట్టూ మనిషి లేడు. నిచ్చెన తన ఫోను లైటు తొట్టి వైపు తిప్పాడు. హ్యాండిల్, బెల్టు, టార్పాలిన్. అంతే. ఇంకేమీ లేదు.

కాస్త ఆగి...

పీఁ — — — ప్.

పొడుగుది. ఆగకుండా, విసుగ్గా, గేటు ముందు నిలబడ్డ మనిషి కొట్టినట్టు. ఆ హారన్ మా అల్లుడు పెళ్ళైన కొత్తలో రోజూ విన్నాడు. అది ఎవరిదో అతనికి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

అప్పుడు — ఆ మూలలో — నీలం టార్పాలిన్ మెల్లగా లేచి నిలబడింది.

నిచ్చెన పరిగెత్తాడు. ఎంత పరిగెత్తాడంటే రెండు కరెంటు స్తంభాలు దాటిపోయాడు. అక్కడ చీకటి ఇంకా ఎక్కువగా ఉందని మళ్ళీ అంతే వేగంగా వెనక్కొచ్చి పికప్‌లో పడ్డాడు. అల్లుడు బెల్టు బిగించనూ లేదు, కొట్టు వైపు చూడనూ లేదు. బండి తిప్పి, "తప్పైపోయింది మామయ్యా, ఇంటికే తీసుకెళ్తున్నా, ఇంటికే," అంటూ మా గేటు దాకా తోలాడు.

గేటు ముందు ఇంజను నడుస్తుండగానే వదిలేసి ఇద్దరూ లోపలికి ఉరికారు. మా అమ్మాయి బిత్తరపోయి నిలబడింది. నేను కాసేపటికి కళ్ళు నులుముకుంటూ గదిలోంచి బయటికొచ్చి, ఏం బాబూ, మెకానిక్ లేడా, అని అడిగాను.

అల్లుడు ఒక బిందెడు నీళ్ళు తాగి అంతా కక్కేశాడు. కొట్టు సంగతి, కాగితాల సంగతి, వాషింగ్ మెషీన్ సంగతి. మామయ్య ఒప్పుకోలేదు అత్తయ్యా, నేను ఉన్నన్నాళ్ళూ ఆ బండి గుమ్మం దాటదు, అని నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. ఇప్పుడు బండి వరండాలోనే ఉంది. వాషింగ్ మెషీన్ వాళ్ళ మంచం పక్కన ఉంది.

ఇక నా మోకాలి సంగతి. ఆ నొప్పి అబద్ధం కాదు. కాకపోతే గది తలుపు వేసుకున్నప్పటికి ఇంకా మొదలవలేదు. వాళ్ళు చేతులు కడుక్కుంటుంటే నా గదికున్న పెరటి తలుపులోంచి చుట్టు తిరిగి వెళ్ళి, ఆ చెక్క మీదుగా తొట్టిలోకెక్కి, టార్పాలిన్ కింద కూర్చున్నాను. నేనెంత, పిడికెడు మనిషిని. ఆ మూల నాకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. తర్వాత నిచ్చెన తోసిన చెక్క వచ్చి తగిలింది మోకాలికి. కిక్కురుమనలేదు. తిరిగొచ్చి వాళ్ళు లోపలికి ఉరకగానే, వెళ్ళిన దారినే గదిలోకి చేరాను.

బెల్టు వదులవుతుందని, బిగించడానికి కాటా తప్ప చోటు లేదని నాకు తెలియదా? మా ఆయన ఇరవై ఆరేళ్ళు చూసి చెప్పిన విషయమే. పెద్దావిడ అన్నప్పుడు నోరు ఆగలేదు, అది నా తప్పే. హారన్ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. తాళం తిప్పే ఉంది, అది ఉంటేనే హారన్ మోగేది.

రెండు నొక్కాను. మూడోది కూడా నొక్కుదామనే అనుకున్నాను. కానీ నిచ్చెన లైటు ఇటు తిప్పుతున్నాడు. దొరికిపోతానని తాళం తిప్పి, ఊడబీకి, గుప్పిట్లో పెట్టుకుని ముడుచుకుపోయాను. చాల్లే, ఈ భయం చాలు వాళ్ళకి, అనుకున్నాను.

అప్పుడు మోగింది, పొడుగుది.

నా చెయ్యి హ్యాండిల్ మీద లేదు. తాళం నా అరచేతిలో గుచ్చుకుంటోంది.

వాళ్ళని ఇంకా భయపెట్టాలని నేను లేవలేదు. ఒట్టు. ఇరవై ఆరేళ్ళ అలవాటు... పొడుగుది వినపడగానే, గేటు తీయడానికి లేచి నిలబడ్డాను.