ఖాళీ కొక్కెం

"అత్తయ్యా! ఇన్ని నీళ్ళెందుకు కాచారు?"

కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది. పొయ్యి మీద పెద్ద డేగిసా పొగలు కక్కుతోంది... పక్కనే పీట, గరుకు సబ్బు, తన భర్త తువ్వాలు! ఆ తువ్వాలు పెట్టెలోంచి బయటికొచ్చి ఎన్నేళ్ళయిందో!

"ఎందుకేమిటే? వాడు పైకొచ్చాడటగా!" అత్తగారి మొహం వెలిగిపోతోంది. "కొక్కేనికి బిళ్ళ ఉందని రేడియో చెప్పింది."

రేడియో అంటే పక్కింటావిడ. ఆవిడ చెప్పిన మాట ఊరంతా తిరిగొచ్చి, మళ్ళీ ఆవిడకే కొత్త వార్తలా వినపడుతుంది.

కోడలు పొయ్యి వైపు చూసింది. అయ్యో... ఇదంతా తను చేసిన పనికేనా!

ఆ ఊళ్ళో బొగ్గుగని నడిచినన్నాళ్ళూ ఒకటే పద్ధతి. కిందికి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ వెంట తీసుకెళ్ళాలి, పైకొచ్చాక బోర్డు మీద తన కొక్కేనికి తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కిందున్నట్టే. గని కప్పు కూలిన రోజున అన్ని కొక్కేలూ నిండాయి, ఆమె భర్తది తప్ప! మనిషీ దొరకలేదు, బిళ్ళా దొరకలేదు. తర్వాత గని మూశారు. ఊరు దానంతటదే మూసుకుంది. చివరికి దొంగలు కూడా విసుగెత్తి వలసపోయారు.

"మన ఊరి కథ చూపిస్తే జనం వస్తారు వదినా! కొట్లు మళ్ళీ తెరుచుకుంటాయి!" అన్నాడు ఆమధ్య మరిది. ఇద్దరూ కలిసి పాత బిళ్ళల గది కడిగారు, దీపాల టోపీలు తుడిచారు, బోర్డుకు రంగేశారు. "అన్న కొక్కెం ఒక్కటీ... పన్నూడిన నోరులా ఉంది వదినా," అని తల దించుకుని నసిగాడు. ఆమె ఇంట్లో ఇత్తడి చెంబు కోయించి, భర్త నంబరు కొట్టించి తగిలించింది.

ఈ ఉదయం గని చూసేవాళ్ళతో మొదటి బస్సొచ్చింది. దిగినవాళ్ళలో సగం మంది మరుగుదొడ్డెక్కడని అడిగారు. మిగతా సగం అడక్కుండానే వెతుక్కున్నారు. ఒకావిడ మాత్రం బోర్డు ముందు ఆగి, మెరిసే కొత్త బిళ్ళలో చూసుకుంటూ జుట్టు సర్దుకుని వెళ్ళిపోయింది.

"అత్తయ్యా... ఆయన రాలేదు! ఆ బిళ్ళ నేనే చేయించాను!" కోడలు ఆమె కాళ్ళ దగ్గర కూలబడిపోయింది.

అత్తగారు పొయ్యి ఆర్పింది.

"చెంబు కనపడకపోతే పిల్లి ఎత్తుకుపోయిందనుకున్నానే..." అంది చివరికి. "వాడు రాకుండా బిళ్ళ తగిలించేస్తే, ఇంక వాడికోసం కింద ఎవరు వెతుకుతారే!"

ఎవరూ వెతకడం లేదని ఇద్దరికీ తెలుసు.

కోడలు కళ్ళు తుడుచుకుని తిరిగి బిళ్ళల గదికి వెళ్ళింది. బిళ్ళ తీసేస్తుంటే మరిది అడ్డురాలేదు. "రేపటి బస్సు ఇటు రాదట వదినా," అని మాత్రం అన్నాడు.

ఆమె ఇంటికొచ్చి బిళ్ళ అందించింది. అత్తగారు బిళ్ళవైపు చూడలేదు, కోడలి చేతులు చూసింది. ఆ గది కడిగి కడిగి గోళ్ళ సందుల్లో బొగ్గు ఇరుక్కుపోయింది.

"కూర్చో పీట మీద. కాచిన నీళ్ళు పారబొయ్యడమెందుకు..."

ఒకప్పుడు గనిలోంచి వచ్చిన కొడుకు చేతులు రుద్దినట్టే, గరుకు సబ్బుతో ఒక్కొక్క వేలూ రుద్దింది. నీళ్ళు నల్లగా తూములోకి జారాయి.

"ఎన్నేళ్ళయిందే... ఈ ఇంట్లో నీళ్ళు నల్లబడి!" అంది అత్తగారు. అప్పుడు ఏడ్చింది.