మాలిక్ గొంతున్న ఆట

ముసురు పట్టిందంటే చిలకలూరిపేటలో పత్తి పనులన్నీ ఆగిపోయినట్టే. జిన్నింగు మిల్లులో కాటా దగ్గర కూర్చునే గోపాలకృష్ణకి ఆ మధ్యాహ్నం తిని పడుకోవడం తప్ప పనేం లేదు. సరిగ్గా అప్పుడే నస్రత్ ఫోన్ చేసింది.

"అన్నయ్యా, రేపు పాత సామాన్లవాడు వస్తన్నాడు. ఆయన కంప్యూటరు ఇచ్చేద్దామనుకుంటన్నా. అందులో ఆయన గొంతుందని ఎప్పుడో అన్నావుగా. ఓసారి తీసి పెడతావా?"

ఉంది మరి. నస్రత్ మొగుడు మాలిక్, గోపాలకృష్ణకి ప్రాణస్నేహితుడు. పెళ్ళిళ్ళు కాకముందు మాలిక్‌కి బస్టాండు ఎదురుగా నెట్ సెంటరుండేది. కోటలు కట్టుకుని, కూలీల చేత కట్టెలు కొట్టించి, సైన్యాన్ని పెంచి యుద్ధం చేసే ఆట ఒకటి ఆడేవాళ్ళు, తిండి కూడా మర్చిపోయి. ఆ కూలీలు ఏదో అర్థంకాని భాషలో పలుకుతుంటే మాలిక్‌కి నచ్చలేదు. మైకు పెట్టి తన గొంతు రికార్డు చేసి, అసలు శబ్దాలు తీసేసి వాటి చోట తనవి పెట్టాడు. ఇక ఏ కూలీని నొక్కినా మాలిక్కే పలికేవాడు. సెంటరంతా పడీపడీ నవ్వేది. సెంటరు మూసేశాక ఆ కంప్యూటర్ని మాలిక్ ఇంటికి తెచ్చుకున్నాడు.

మాలిక్ పోయి పదేళ్ళు దాటింది. హైవే మీద, లారీ కింద. జేబులోని డబ్బా ఫోనూ నుజ్జయింది. ఫొటోలున్నాయి గానీ, గొంతు ఎక్కడా లేదు. "ఎట్లా మాట్లాడేవాడో మర్చిపోయానన్నయ్యా," అని నస్రత్ ఒకసారి అంది. ఏడవకుండా, కూరలో ఉప్పెయ్యడం మర్చిపోయానన్నట్టు.

"నలభై ఆరేళ్ళొచ్చినయ్ మీకు," అంది గోపాలకృష్ణ భార్య మల్లేశ్వరి, అతను చొక్కా వేసుకుంటుంటే. "ముసుర్లో ఆటలకి పోతన్నారా? గొడుగన్నా పట్టుకెళ్ళండి."

నస్రత్ ముందుగదిలో మిరపకాయల బస్తాలున్నాయి. ఇంటి దగ్గరే తొడిమలు తీసే పని చేస్తుందామె. తడిగాలికి ఆ ఘాటు నేలబారున పాకుతోంది. మూడు గంటలకే మసక చీకటి. కంప్యూటరు మీద దుప్పటి తీసి, దుమ్ము ఊది, స్విచ్చేశాడు గోపాలకృష్ణ. గురగురమంది. చాలాసేపటికి ఆట తెరుచుకుంది.

చెట్లు. ఒక గుడిసె. నలుగురు కూలీలు. చుట్టూ ఇంకా చూడని చోటంతా నలుపు.

నస్రత్ ఫోన్‌లో రికార్డింగు పెట్టి స్పీకరు పక్కన ఆనించింది. అతను ఒక కూలీని నొక్కాడు.

"ఆఁ, చెప్పరా!"

నస్రత్ కదల్లేదు. గోపాలకృష్ణ తన గుండె ఝల్లుమంటుందనుకున్నాడు. ఏమీ కాలేదు. చలికి వేళ్ళు కొయ్యబారినట్టు, లోపలంతా అట్లాగే ఉంది.

"ఇంకోటి," అంది.

"కట్టెలు కొడతన్నా, కనపట్లా?"

"ఇంకోటి."

"టీ తాగొచ్చి చేస్తాలే, పో!"

"ఇట్లాగే అనేవాడు," అంది నస్రత్. "నాతో కూడా."

ఒక్కటి మాత్రం ఆమె వినకూడదు. కూలీ చచ్చిపోతే వచ్చే కేక. అదీ మాలిక్ గొంతే. "చచ్చాన్రోయ్, ఎవరన్నా రండ్రా!" అని కామెడీగా అరిచాడప్పుడు. హైవే మీద వాడు అరిచాడో లేదో ఎవరికీ తెలీదు. నస్రత్ ఇన్నేళ్ళూ అది అడగలేదు. ఈ కేక వింటే ఇక అదే మిగిలిపోతుందామెకి. శత్రువులు వచ్చేలోపల ఆపెయ్యాలని ముందే అనుకున్నాడు.

"చాలమ్మా, అన్నీ వచ్చేసినయ్."

"ఆపొద్దన్నయ్యా." అతని చేతి మీద చెయ్యేసింది. మంచులా ఉంది. "ఇంకాసేపు."

కాదనలేకపోయాడు. గోడ కడదామని చూశాడు. ఒకప్పుడు కళ్ళు మూసుకుని కట్టినవాడే... ఇప్పుడు ఏ మీట ఎక్కడుందో గుర్తు రావట్లేదు. కూలీల్ని గుడిసె వెనక్కి తోశాడు.

"పోతన్నా, పోతన్నా. తొయ్యబాకరా."

చూరు నీళ్ళు టపటపా పడుతున్నాయి. నలుపులోంచి ఎర్రరంగు మనుషులు బయటికొచ్చారు.

"వాళ్ళెవరు?" గుసగుసగా అడిగింది.

"శత్రువులమ్మా."

"ఆయన్నేం చేస్తారు?"

అతను స్పీకరు వాల్యూం మీట కోసం తడిమాడు. కిందికి తిప్పాడు. చివరిదాకా తిప్పాడు.

ముగ్గురు కూలీలు పారిపోయారు. నాలుగోవాడు నిలబడిపోయాడు. నొక్కాడు... కదల్లేదు. మళ్ళీ నొక్కాడు... కత్తి లేచింది.

కూలీ పడ్డాడు.

కేక రాలేదు.

అమ్మయ్య అనుకునేలోపు, శబ్దం పూర్తిగా తగ్గించిన ఆ స్పీకర్లోంచి, తాపీగా, అయోమయంగా...

"ఒరేయ్ గోపాలా... నా కాళ్ళేవిరా?"

ఇది వాళ్ళు రికార్డు చేసింది కాదు. ఆ రోజు మైకు పట్టుకుంది గోపాలకృష్ణే. ఈ మాట లేదు. వెనకాల వాన చప్పుడుంది. లారీ ఇంజను ఆగకుండా కొట్టుకుంటోంది.

అతను ప్లగ్గు పీకేశాడు. తెర ఆరిపోయింది. నస్రత్ ఫోన్ తీసుకుని, కొంగుతో తుడిచి, గుండెకి ఆనించుకుంది.

"ఫోన్లో పడింది," అంది. "అంతా పడిందన్నయ్యా."

"అది తీసెయ్యమ్మా. నా మాట విను. ఆ చివరిది తీసెయ్."

"ఆయన అడిగితే చెప్పేవాళ్ళు లేరప్పుడు," అందామె. "ఇప్పుడు నేనున్నాగా."

మర్నాడు పొద్దున సామాన్లవాడు కంప్యూటరు పట్టుకెళ్ళాడని తెలిసి గోపాలకృష్ణ కాస్త కుదుటపడ్డాడు. ముసురు విడిచింది. మిల్లు తిరిగింది. నస్రత్ తొడిమల పనికి బస్తాలు తీసుకోవడం మానేసిందని మల్లేశ్వరి ఎక్కడో విని చెప్పింది. "ఇంట్లో వంట మటుకు పెద్ద గిన్నెల్లో చేస్తందంట. ఎవరొచ్చారో ఏమో."

కాటా గదిలో కూర్చుని ఫోన్ చేశాడు. ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. కాసేపటికి వాట్సాప్‌లో ఆమె వాయిస్ మెసేజి ఒకటొచ్చింది. చెవికి ఆనించుకున్నాడు.

"ఫోన్లు చెయ్యబాక అన్నయ్యా," గుసగుసలాడింది నస్రత్. "ఇప్పుడే ఆయనకి కన్నంటుకుంది. లేస్తే మళ్ళీ కాళ్ళేవని అడుగుతారు."

అంతే. రికార్డింగు మాత్రం ఇంకా నడుస్తోంది. గురక వినిపిస్తోంది. మాలిక్ గురకే, చిన్నప్పటి నుంచీ ఎరిగినదే. గోపాలకృష్ణ శబ్దం పెంచాడు.

ఒక్కడిది కాదు. గది నిండా అదే గురక, ఎన్నో నోళ్ళలోంచి. అందరూ ఒకేసారి ఊపిరి తీసి, ఒకేసారి వదులుతున్నారు.